కొలత యెరిగిన దర్శకులు: కదిరి వెంకటరెడ్డిగారి జీవితము

మన పాఠశాల విద్యార్థులలో చలనచిత్రములను చూడనివారు మిక్కిలి తక్కువ. ఏ చిత్రమున ఎవరు నాయకుడో, ఏ పాటను ఎవరు పాడిరో వారు తడుముకొనకుండ చెప్పగలరు. కాని ఆ చిత్రమునకు దర్శకుడెవరని యడిగినచో పెక్కుమంది తెల్లబోవుదురు. నాటకశాలలో తెరత్రాడు లాగువాని ముఖము ప్రేక్షకులకు కానరానట్లే దర్శకుని ముఖమును వెండితెరమీద కానరాదు. అయినను కథ ఎచట మొదలుకావలెనో, ఎచట నవ్వు పుట్టవలెనో, ఎచట కన్నీరు రావలెనో, ఎచట ముగియవలెనో నిర్ణయించువాడు దర్శకుడే. అట్టి దర్శకులలో అగ్రగణ్యులైన కదిరి వెంకటరెడ్డిగారి జీవితమును ఈ సంచికలో విద్యార్థుల యెదుట నుంచుచున్నాను. కె. వి. రెడ్డి యను పొట్టిపేరుతోనే లోకము వారి నెరుగును.

చలనచిత్రమనగానే ముఖము చిట్లించు పెద్దలు మన క్రైస్తవ కుటుంబములలో నేటికిని కలరు. వారి భయము వట్టిదని నేననను. కాసులకొరకు తీయబడు బొమ్మలలో నీచరుచులకు లొంగినవి అనేకములు కలవు. కాని ఏ వృత్తినైనను అందు పనిచేయువాని శ్రద్ధను బట్టి విలువ కట్టుట న్యాయము. టిక్కెట్టు కొనువాని మెప్పుమీద బ్రతుకవలసిన వ్యాపారములో నుండియు ఒకడు తన పనియెడల నిజాయితీ చెడకుండ నిలువగలడా? శ్రమకు తగిన ఫలము ఎల్లప్పుడును దక్కునా? ఈ రెండు ప్రశ్నలకును రెడ్డిగారి చరిత్రలో సమాధానములు దొరకును. మొదటిదానికి దొరకు సమాధానము సంతోషకరము. రెండవదానికి దొరకునది కొంత కఠినము.

రెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లాలో తాడిపత్రి ప్రాంతమున జన్మించిరి. పెన్నానది యొడ్డున నున్న తాడిపత్రి శిల్పసంపదగల ఆలయములకు ప్రసిద్ధి కెక్కినది. చుట్టుప్రక్కల భూములు మాత్రము వానకు ముఖము వాచినట్టివి. అట్టి సీమలో గింజను కొలిచి చల్లుట, నీటిని కొలిచి వాడుట బాలురకు పుట్టుకతోనే యలవడును. పసితనముననే తండ్రిని గోల్పోయిన వెంకటరెడ్డిగారు తల్లి చాటునను, మేనమామల యింటను పెరిగిరి. తాడిపత్రిలో వారికి మూలా నారాయణస్వామిగారితో స్నేహము కలిగెను. ఆ స్నేహమే పిమ్మట వారి జీవితమునకు దారి చూపెను. ఉన్నతవిద్యకై మద్రాసునకు వెడలి, ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రమును ప్రధానముగా చదివి పట్టభద్రులైరి. కాంతి, శబ్దము, కాలము అను మూడింటి స్వభావమును ప్రయోగశాలలో నేర్చిన యీ యువకుడు ఆ మూడింటితోనే జీవనము గడపవలసివచ్చునని అప్పుడెవరూహింపగలరు?

ఆనాటి తెలుగు చలనచిత్రముల స్థితిని కొంచెము తెలిసికొనవలెను. మన భాషలో మొదటి వాక్చిత్రమైన భక్త ప్రహ్లాద 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడెను. తరువాతి కొన్నియేండ్లవరకు మన చిత్రములలో చాల భాగము రంగస్థల నాటకములకు ప్రతిబింబములుగనే యుండెను. పద్యము వెంట పద్యము, పాట వెంట పాట నడచుచుండ కథ వెనుకబడుచుండెడిది. స్టూడియోల కొరకు బొంబాయికిని, కలకత్తాకును పోవలసిన యవసరము మొదట నుండెను. క్రమముగా మద్రాసు నగరమే తెలుగు చిత్రములకు కేంద్రమయ్యెను. అచట హెచ్. ఎం. రెడ్డి, బి. ఎన్. రెడ్డి మున్నగువారు రోహిణీ పిక్చర్సు పేర 1938లో గృహలక్ష్మి చిత్రమును తీసిరి. ఆ సంస్థలోనే, నారాయణస్వామిగారి చలవవలన, వెంకటరెడ్డిగారికి పని దొరకెను. ఆ పని నటన గాదు, రచన గాదు, డబ్బు లెక్కలు చూచు క్యాషియరు పని.

ఈ పనిని చిన్నచూపు చూడరాదు. ఏ దృశ్యమునకు ఎంత కర్చయినదో, ఏ నటుడు ఆలస్యముగా వచ్చుటవలన ఎన్ని దినముల కూలి వృథా యయ్యెనో, కట్టిన సెట్టును ఉపయోగింపకయే పడగొట్టిన ఎంత నష్టమో క్యాషియరుకంటె ఎక్కువగా ఎరిగినవాడు స్టూడియోలో మరియొకడు లేడు. దర్శకుని పొరపాట్లన్నియు కట్టకడపట అతని పద్దుపుస్తకములోనికే వచ్చి చేరును. కొంతకాలమునకు బి. ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి, రామనాథ్, శేఖర్ గారలు వాహినీ సంస్థను స్థాపింపగా, వెంకటరెడ్డిగారును అందు చేరిరి. వందేమాతరము (1939), సుమంగళి (1940), దేవత (1941) అను చిత్రములు వరుసగా వచ్చెను. వాటి నిర్మాణవ్యవహారములను చూచుచు రెడ్డిగారు ఆ కళను దగ్గరనుండి పరిశీలించిరి. పాఠము చెప్పించుకొనకయే పాఠము నేర్చినవారు వారు.

తుదకు దర్శకత్వమును వహించు నవకాశము లభించెను. ఆ చిత్రమే భక్త పోతన. అది మహాయుద్ధకాలము. 1942లో జపానువారి దాడి భయమువలన మద్రాసు నగరమునుండి జనులు మూటలు కట్టుకొని వెడలిపోయిరి. ముడిఫిలిము సముద్రముమీద రావలసిన వస్తువగుటచే కరవయ్యెను. అట్టి గడ్డుదినములలో తీయబడిన యీ చిత్రము 1943 జనవరిలో విడుదలయ్యెను. రాజులకు తన కావ్యము నంకితమీయక నాగలి పట్టి బ్రతికిన కవి కథకు ప్రజలు హారతి పట్టిరి. పోతనపాత్రను ధరించిన చిత్తూరు వి. నాగయ్యగారి ప్రశాంతమైన ముఖమును, మధురమైన గానమును నాటి ప్రేక్షకులు మరువలేదు. నిన్నటివరకు పద్దులు వ్రాసిన చేయి ఒక్క చిత్రముతో దర్శకుని చేయిగా గుర్తింపబడెను.

రెండవ చిత్రము యోగి వేమన 1947లో వచ్చెను. వేమన సమాధి యున్న కటారుపల్లి నాడు రెడ్డిగారి స్వజిల్లాలోనిదే. భోగలాలసుడైన యువకుడు దుఃఖముచే మేల్కొని విరాగియగు విధమును నాగయ్యగారు అద్భుతముగా నభినయించిరి. విజ్ఞులు ఈ చిత్రమును తలకెత్తుకొనిరి. రాబడి మాత్రము భక్త పోతనకు వచ్చినట్లు రాలేదు. ఇచట రెడ్డిగారి బుద్ధి గమనింపదగినది. వారు ప్రేక్షకులను నిందింపలేదు. తమ గంభీరతను కొంత సడలించి, పిల్లలును పెద్దలును కలసి కూర్చుండి చూడదగిన జానపదకథను చేపట్టిరి. అది 1949 చివర వచ్చిన గుణసుందరి కథ. ఆంగ్లమహాకవి షేక్స్పియరు వ్రాసిన లియర్ రాజు కథలోని తండ్రిని, ముగ్గురు కూతుండ్రను తీసికొని, దానిని పూర్తిగా తెలుగింటి కథగా మార్చిరి. మూలములోని విషాదాంతము ఇందు లేదు. తండ్రికోపమునకు గురియైన కడగొట్టు కూతురు కష్టములకోర్చి జయమందును. ఈ చిత్రమునకు మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు అటుపై రెడ్డిగారికి కుడిభుజమైరి.

ఇక రెడ్డిగారి పనివిధానమును గూర్చి వివరముగా చెప్పవలెను. వారి గొప్పతనమంతయు ఇందే యున్నదని నా యభిప్రాయము. ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచును. ఒక అడుగు ఫిలిములో 16 బొమ్మలుండును. కావున నిమిషమునకు 90 అడుగులు, గంటకు 5,400 అడుగులు, మూడుగంటల చిత్రమునకు 16,200 అడుగులు పట్టును. ఒక దర్శకుడు కొలత యెరుగక 20,000 అడుగుల కథను తీసెననుకొందము. తుదకు 3,800 అడుగులు, అనగా 42 నిమిషముల బొమ్మ, కత్తెరపాలు కావలసినదే. ఆ 42 నిమిషములకొరకు కట్టిన సెట్టులు, వెలిగించిన దీపములు, పనివారి చెమట అన్నియు బూడిదలో పోసిన పన్నీరగును. అంతకంటె పెద్దనష్టము మరియొకటి కలదు. ముందుగా ఎంచని కోతవలన కథ అవిటిదగును.

రెడ్డిగారు ఈ యాపదను కాగితముమీదనే తప్పించుకొనెడివారు. కెమెరాను కదల్పకమునుపే కథయు, దృశ్యవిభజనయు, సంభాషణలును సమగ్రముగా సిద్ధము కావలెను. పిదప ప్రతిదృశ్యమును నటులు పలుకు తీరున చదివించి, స్టాప్‌వాచి చేతబట్టి అది యెంత సేపు పట్టునో వ్రాసికొనెడివారు. పాటకింత, మాటకింత, నడకకింత అని లెక్కగట్టి అన్నిటిని కూడి చూచెడివారు. మొత్తము మించినచో ఆ పుటలలోనే కొట్టివేసెడివారు. కాగితముమీద కొట్టివేసిన పంక్తికి సిరా తప్ప వేరు కర్చు లేదుగదా! ఒకమారు స్థిరపడిన మాటను చిత్రీకరణస్థలమున ఎంత పెద్ద నటుడైనను తన యిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలులేదు.

గోపురము కట్టింపగోరువాడు మొదట కూర్చుండి, దానిని కొనసాగించుటకు కావలసినది తనకు కలదో లేదోయని లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించిన యుపమానమును మన విద్యార్థులు లూకా సువార్తలో చదివియున్నారు. పునాదివేసి ముగింపలేనివానిని చూచువారందరు నవ్వుదురు. రెడ్డిగారు ఆ యుపమానమునకు ఉదాహరణముగా జీవించిరనవచ్చును. ఉపాధ్యాయ శిక్షణకళాశాలలో మాకు మొదట నేర్పునదియు ఇదియే. గంటలో నలుబదియైదు నిమిషముల పాఠమునకు ముందురాత్రియే పాఠప్రణాళికను వ్రాసికొననివాడు, గంట కొట్టునప్పటికి పాఠము మధ్యలో నిలిచియుండును.

ఇట్టి లెక్కలవలన కళ యెండిపోవునని కొందరనుకొందురు. 1951లో వెలువడిన పాతాళభైరవి ఆ సందేహమును తీర్చెను. నాగిరెడ్డి, చక్రపాణి గారల విజయా సంస్థకు రెడ్డిగారు తీసిన మొదటి చిత్రమిది. ఉజ్జయిని రాకుమారిని ప్రేమించిన తోటవాని కుమారుడు, కోరినదెల్ల యిచ్చు శక్తికొరకు వానిని బలియీయదలచిన నేపాళ మాంత్రికుడు - ఇంతే కథ. అవ్వలు చెప్పు కథవలె నుండు నీ వస్తువును కాశీమజిలీ కథల త్రోవలో పింగళివారు అల్లిరి. తోటరాముడుగా నందమూరి తారక రామారావుగారు, మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావుగారు ఒక్కసారిగా దేశప్రసిద్ధులైరి. ఘంటసాల వెంకటేశ్వరరావుగారి సంగీతము, మార్కస్ బార్ట్‌లీగారి ఛాయాగ్రహణము చిత్రమునకు వన్నె తెచ్చెను. పట్టణములలో నూరుదినములు దాటి నడచిన యీ చిత్రము తమిళ, హిందీ భాషలలోను వచ్చెను. మన దేశమున 1952లో మొదటిసారిగా జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో ప్రదర్శింపబడు గౌరవమును బడసెను. సాహసము చేసినవానినే భాగ్యలక్ష్మి వరించునను భావము పామరునికిని పట్టుబడునట్లు చెప్పుటయే యీ చిత్రవిజయమునకు మూలము.

మాయలు, మంత్రములు మాత్రమే వీరికి తెలియునని యనుకొనుటకు వీలులేకుండ, 1954లో వాహినీవారికి పెద్దమనుషులు అను సాంఘికచిత్రమును తీసిరి. నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ వ్రాసిన సంఘస్తంభములు అను నాటకము దీనికి ప్రేరణ. ఊరిలో పెద్దమనిషి యనిపించుకొన్న పురపాలకసంఘాధ్యక్షుడును, అతని ముఠావారును చాటున చేయు మోసములు ఇందలి విషయము. డి. వి. నరసరాజుగారు సంభాషణలు వ్రాసిరి. జంధ్యాల గౌరీనాథశాస్త్రిగారు అధ్యక్షుడుగా నటించిరి. నిజమును పలుకుటకు ఊరిలో ధైర్యముగలవాడు రేలంగిగారు ధరించిన తిక్కశంకరయ్య యొక్కడే. తిక్కవాడని లోకము కొట్టివేయువాని నోట సత్యమును పలికించుటలో ఎంత చురుకైన విమర్శ యున్నదో విద్యార్థులు ఆలోచింపవలెను. ఈ చిత్రమునకు కేంద్రప్రభుత్వము ఉత్తమ తెలుగు చిత్రమునకు ఇచ్చు రాష్ట్రపతి రజతపతకము నొసగెను.

తరువాతిది 1955లో వచ్చిన దొంగరాముడు. దుక్కిపాటి మధుసూదనరావు, అక్కినేని నాగేశ్వరరావు గారలు మున్నగువారు 1951లోనే అన్నపూర్ణా పిక్చర్సును స్థాపించిరి. తమ మొదటి చిత్రము రెడ్డిగారి చేతిమీదుగనే రావలెనని పట్టుబట్టి, వారికి తీరిక దొరకువరకు వేచియుండిరి. పెట్టుబడి పెట్టినవారు దర్శకునికై సంవత్సరములు వేచియుండుట వ్యాపారలోకమున సామాన్యము కాదు. జబ్బుపడిన తల్లికి మందుకొరకు దొంగతనము చేసి శిక్షపాలైన బాలుడు, అనాథగా పెరిగిన అతని చెల్లెలు - వీరి కథను రెడ్డిగారు కరుణయు, హాస్యమును సమపాళ్లలో కలిపి నడిపిరి. చట్టము దొంగయని పేరుపెట్టినవాని హృదయములోనికి ప్రేక్షకుని తీసికొనిపోవుట ఈ చిత్రమున మెచ్చదగిన గుణము.

ఇప్పుడు వారి కీర్తికి శిఖరమైన మాయాబజారును గూర్చి చెప్పుదును. అభిమన్యుడు, శశిరేఖల వివాహకథ వ్యాసభారతములో లేదు. అది జనుల నోళ్లలోను, నాటకములలోను పెరిగినది. వాక్చిత్రముగాను 1936లోనే ఒకమారు వచ్చియుండెను. అట్టి పాతకథతో క్రొత్తచిత్రము తీయుట సులభము కాదు. అదియును గాక రామారావుగారు మునుపొక చిత్రమున కృష్ణుడుగా కనిపించినప్పుడు ప్రేక్షకులు ఆదరింపలేదు. ఆ కారణమున వారు వెనుదీయగా, రెడ్డిగారు నచ్చజెప్పి, ఆహార్యమునందును నడకయందును ప్రత్యేకశ్రద్ధ వహించి, ఆ పాత్రకు వారినే నిలిపిరి. తెలుగువారు కృష్ణుడనగానే రామారావుగారి రూపమునే తలచుకొను నలవాటు ఇచటనే స్థిరపడెను. కర్చు అంచనాలను చూచి విజయా నిర్మాతలు జంకి పనిని కొంతకాలము నిలిపివేసిరి. కాని సిద్ధపడియున్న పథకముమీది నమ్మకము గెలిచెను. 1957 మార్చి 27వ తేదీన తెలుగు చిత్రమును, కొలదిదినములకే తమిళచిత్రమును విడుదలయ్యెను.

ఈ చిత్రమున పాండవుల మాట యడుగడుగున వినవచ్చును గాని పాండవులు ఎచటను కనబడరు! వారిని చూపినచో కథ భారతమువైపు మరలి పెండ్లినుండి తప్పిపోవును. కనుక వారిని తెరకు వెలుపలనే యుంచిరి. వదలవలసినదానిని వదలుటయే కొలత యెరుగుట. ఘటోత్కచుడు పెండ్లివంటకములన్నిటిని ఒంటిగా నారగించు ఘట్టమును పిల్లలు నేటికిని చప్పట్లతో చూచెదరు. వెన్నెలలో పడవ విహారము నిజమైన వెన్నెలలో తీసినది కాదు. దానిలో పెద్దభాగము స్టూడియోలో దీపములతో బార్ట్‌లీగారు పుట్టించిన వెన్నెల. గోఖలే, కళాధర్ గారల కళాదర్శకత్వమున చిన్నచిన్న యిండ్లతో ద్వారక యొక్క నమూనా నిర్మింపబడెను. శశిరేఖగాను, శశిరేఖ రూపు దాల్చిన ఘటోత్కచుడుగాను సావిత్రిగారు చూపిన భేదము నటులకు పాఠము వంటిది. పింగళివారు రాక్షసశిష్యులచేత అసమదీయులు, తసమదీయులు అను పదములను పలికించి, వ్యాకరణమునే హాస్యమునకు సాధనముగా చేసిరి. మూడు గంటలకు మించిన యీ చిత్రమున ఒక్క దృశ్యమును తీసివేసినను తరువాతి దృశ్యము కుంటుపడును. 2010లో దీనికి రంగులద్ది మరల విడుదల చేయగా, తాతలు చూచిన చిత్రమును మనుమలు చూచిరి. భారతీయ చలనచిత్రములకు నూరేండ్లు నిండిన 2013లో ఒక ఆంగ్ల వార్తా టెలివిజను సంస్థ జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో దేశభాషల చిత్రములన్నిటిలో దీనికే ప్రథమస్థానము వచ్చెను.

ఆ పిమ్మట రెడ్డిగారు తమ జయంతీ పిక్చర్సు పక్షమున 1958లో పెళ్లినాటి ప్రమాణములు అను సాంఘికచిత్రమును, విజయావారికి 1961లో జగదేకవీరుని కథను, మరల జయంతీ పక్షమున 1963లో శ్రీకృష్ణార్జునయుద్ధమును తీసిరి. కడపటిదానికి చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యాన నాటకము ఆధారము. ఇరువురు ప్రసిద్ధనటులు, రామారావుగారును నాగేశ్వరరావుగారును, కృష్ణార్జునులై ఒకే చిత్రమున నెదురుపడిరి. 1943 మొదలు 1963 వరకు గల యిరువదియేండ్లలో రెడ్డిగారు తీసినవి పది చిత్రములే. ఏటేట ఒకటికి రెండు తీయగల కీర్తి యుండియు తొందరపడలేదు.

ఇంతవరకు చెప్పినది జయగాథ. ఇకమీదటి కథ వేరు. 1965లో విజయావారికి తీసిన సత్యహరిశ్చంద్ర పరాజయము పొందెను. రామారావుగారు, ఎస్. వరలక్ష్మిగారు ప్రధానపాత్రలను ధరించినను ప్రేక్షకులు రాలేదు. అదే కథ అదే యేడాది కన్నడభాషలో రాజకుమార్ నాయకుడుగా వచ్చి ఘనవిజయము సాధించుట ఆశ్చర్యకరము. కావున కథ పాతదను నెపము కూడ నిలువదు. 1968లో వచ్చిన భాగ్యచక్రము, ఉమాచండీగౌరీశంకరుల కథ అను రెండు చిత్రములును ఆదరణము పొందలేదు. చూచువారి తరము మారుచుండెను. 1963లో వచ్చిన లవకుశతో పూర్తి రంగులచిత్రము తెలుగునకు వచ్చియుండెను. కథానాయకుని వేగము, పోరాటములు కోరు యువకులు టిక్కెట్టు కిటికీకడ హెచ్చుచుండిరి. రెడ్డిగారి చేతిలోని గడియారము మునుపటివలెనే ఖచ్చితముగా నడచుచుండెను. కాని కాలము దానిని మించి నడచెను. వరుసగా మూడు చిత్రములు పోవుటతో, ఒకప్పుడు ఎవరికొరకు నిర్మాతలు సంవత్సరములు వేచిరో ఆయన చేతిలోనే చిత్రము లేకుండ పోయెను. వ్యాపారలోకపు జ్ఞాపకశక్తి యంత కురుచ!

ఆ సమయమున ఆదుకొన్నవారు రామారావుగారు. తమను తోటరామునిగా, కృష్ణునిగా నిలిపిన గురువును మరువక, తమ సంస్థలో శ్రీకృష్ణసత్య చిత్రమునకు దర్శకత్వము వహింపుమని కోరిరి. అది 1971లో వెలువడెను. రెడ్డిగారి పదునాలుగవ చిత్రము, కడపటి చిత్రము అదియే. వారి కుడిభుజమైన పింగళివారు ఆ యేటి మే నెలలోనే కన్నుమూసిరి. 1972 సెప్టెంబరు 15వ తేదీన రెడ్డిగారును తమ అరువదియేండ్ల వయసున మద్రాసులో పరలోకగతులైరి.

వారి విద్య వారితో ముగియలేదు. మాయాబజారునాటి సహాయకులలో నొకరైన సింగీతము శ్రీనివాసరావుగారు పిదప స్వయముగా ప్రసిద్ధదర్శకులై, 1987లో మాటలే లేని పుష్పకవిమానమను చిత్రమును తీసిరి. ఒక్క మాటయును లేకుండ రెండుగంటలకు పైగా కథ నడపుటకు ఎంత ముందుచూపు కావలెనో యోచించినచో గురువుగారి గడియారపు టిక్కుటిక్కు దానిలో వినవచ్చును.

విద్యార్థులారా! ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినదేమి? శ్రద్ధగా పనిచేసినవానికి ఎల్లప్పుడును విజయము కలుగునని బడిపుస్తకములు చెప్పుచుండును. రెడ్డిగారి జీవితము ఆ మాటను పూర్తిగా సమర్థింపదు. మాయాబజారునకు ఎంత శ్రద్ధ పెట్టిరో సత్యహరిశ్చంద్రకును అంత శ్రద్ధయే పెట్టిరి. ఒకటి ఆకాశమునంటెను, మరియొకటి నేలకొరిగెను. ఫలమును కొలుచు కొలబద్ద మన చేతిలో లేదు. పనిని కొలుచు కొలబద్ద మాత్రము మన చేతిలో నున్నది. పరాజయములు వచ్చినప్పుడు, నాలుగు కాసులకొరకు నీచరుచికి లొంగి ఒక చిత్రము తీసియుండినచో రెడ్డిగారికి చివరిదినములు సులభముగా గడచియుండెడివేమో. కాని వారట్లు చేయలేదు. ఆ పదునాలుగింటిలో పిల్లలతో కూర్చుండి చూచుటకు సిగ్గుపడవలసినది ఒక్కటియు లేదు. ఇదియే మొదటి ప్రశ్నకు సమాధానము.

పరీక్షకాలమున ప్రశ్నపత్రము చేతికి రాగానే కలము పరుగెత్తించువారు మనలో పెక్కుమంది కలరు. మొదట రెండు నిమిషములు ఆగి, ఏ ప్రశ్నకెంత కాలము తగునో లెక్క చూచుకొనుడు. ఇల్లు కట్టినను, పొలము దున్నినను, పాఠము చెప్పినను ఆ యలవాటు మిమ్ము కాపాడును. క్యాషియరు బల్లకడ లెక్కలు వ్రాసిన యొక యువకుడు ఆ లెక్కనే కళగా మార్చి తెలుగువారికి అక్షయమైన యానందమును మిగిల్చిపోయెను. మీ చేతికి నేడు వచ్చిన పని ఎంత చిన్నదైనను దానిని కొలిచి, తూచి, నిండుగా చేయుడు. మిగిలినది దైవాధీనము.